దూరమునుండి సమావేశములో పాల్గొనుట

పంచాయతీ సమావేశమనగా నలుగురు ఒకచోట కూర్చుండి, గ్రామము మంచిచెడ్డలు మాటాడుకొని, ఒక తీర్మానమునకు వచ్చుట. రచ్చబండ నాటినుండియు ఇదే పద్ధతి. అయితే రావలసిన సభ్యుడు రాలేనిచోట నున్నప్పుడు అతని వార్డు సంగతి ఎవరు చెప్పవలెను? ఫోనులో ముఖము చూచుచు మాటాడు సౌకర్యము పల్లెలకు వచ్చిన ఈ కాలమున పంచాయతీ సభ్యులు ఈ విషయమును తెలిసికొనుట మేలు.

దూరమనునది మార్కాపురం ప్రాంతమునకు కొత్త చిక్కు కాదు. 1970లో ఒంగోలు కేంద్రముగా జిల్లా ఏర్పడువరకు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో నుండెను. జిల్లా కచేరీలో పనిపడినవారు నల్లమల కొండలు దాటి పోవలసి వచ్చెడిది. నేడు దారులు బాగుపడినవి. కాని కరవు ఈ సీమను విడువలేదు. వానలు తప్పిన యేట కొనకనమిట్ల, దాని చుట్టుపట్ల మండలముల కూలిజనము గుంటూరు మిరపకోతలకు, హైదరాబాదు, బెంగుళూరు కట్టడపు పనులకు వలసపోవుట అందరెరిగినదే. అట్లు పోయినవారిలో వార్డు సభ్యులును ఉండవచ్చును.

ఒక సభ్యురాలు మిరపకోతలకు పోయినదనుకొందము. ఆ నెలలోనే, నీటి ట్యాంకరు ఏ వీధికి ముందు పోవలెనో నిర్ణయించుటకు సమావేశము జరిగినది. ఆమె లేదు, ఆమె వీధి మాట ఎత్తినవారును లేరు. ఈ ప్రాంతపు బోరునీటిలో ఫ్లోరైడు బాధ కలదు. కనుక ఇక్కడ మంచినీటి నిర్ణయమనగా పిల్లల పళ్ళ, పెద్దల కీళ్ళ ఆరోగ్యమునకు సంబంధించిన నిర్ణయము. సభ్యురాలి గైర్హాజరు ఒక్క సంతకము లోపించుటతో తీరునది కాదు.

ముందుగా ఒక భేదము గుర్తింపవలెను. సమావేశములు రెండు విధములు. వోటు వేసి తీర్మానము చేయునవి ఒక విధము. సలహా చెప్పునవి రెండవ విధము. పంచాయతీ సమావేశము మొదటి తెగకు చెందినది. తన సంఘము సలహా ఇచ్చుటకే ఏర్పడినదా, తీర్మానము చేయుటకు కూడనా అన్నది ప్రతి సభ్యుడు తెలిసికొని యుండవలెను. దూరమునుండి మాట వినిపించుట సలహా సంఘములలో సులభము. వోటున్నచోట చట్టము అడ్డు రావచ్చును.

ఈ సంగతి ఇంగ్లండు దేశపు అనుభవము వలన తేటపడును. కోవిడ్ వ్యాధి వ్యాపించిన 2020లో అచ్చటి స్థానిక సభలు దూరమునుండి సమావేశమగుటకు ప్రత్యేక చట్టము చేసిరి. ఆ అనుమతి 2021 మే 7తో ముగిసెను. దానిని కొనసాగింపదలచినవారు న్యాయస్థానమునకు పోగా, 1972 నాటి స్థానిక ప్రభుత్వ చట్టములో సమావేశమునకు హాజరగుట యనగా స్వయముగా ఒకచోట నుండుటయే యని 2021 ఏప్రిల్ 28న హైకోర్టు తీర్పు చెప్పెను. పొరుగున ఉన్న వేల్సు మాత్రము 2021లోనే క్రొత్త చట్టము చేసి దూరపు హాజరును స్థిరపరచుకొనెను. యంత్రము రెండుచోట్ల ఒకటే. చట్టపు మాట వేరైనందున ఫలితము వేరైనది.

మన దేశములోను మచ్చుతునక కలదు. 2013 కంపెనీల చట్టము డైరెక్టర్లను వీడియో ద్వారా సమావేశములకు హాజరు కానిచ్చుచున్నది. అయితే పాల్గొనువారిని గుర్తింపగలుగుట, జరిగినదంతయు తేదీ, వేళలతో నమోదు చేసి భద్రపరచుట అనునవి అందుకు షరతులు. పంచాయతీలకును ఇవి గ్రహింపదగిన సూత్రములే. 2020 ఏప్రిల్ 24న, పంచాయతీరాజ్ దినమునాడు, ప్రధానమంత్రి దేశములోని సర్పంచులతో వీడియో ద్వారానే మాటాడెను. పైవారు చెప్పినది గ్రామము వినుటకు సాధనము కుదిరినప్పుడు, గ్రామములోనివారు ఒకరినొకరు వినుటకు ఏల కుదరదు?

మన రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టము 1994 నాటిది. దూరమునుండి మాటాడిన సభ్యుని కోరములో లెక్కించుటకు, అతని వోటు గైకొనుటకు ముందు పై అధికారులనుండి వ్రాతమూలకమైన వివరణ పొందుట క్షేమము. లేనిచో ఆ తీర్మానమును తరువాత ఎవరైనను ఆక్షేపింపవచ్చును. దానితో పని ఆగవచ్చును. వివరణ వచ్చులోపల ఆ సభ్యుని మాటను అభిప్రాయముగా విని, మినిట్సు పుస్తకములో అభిప్రాయముగానే వ్రాయవచ్చును.

ఇక ఆచరణకు వత్తము. ఎజెండాను నోటీసుతోపాటే దూరముననున్న సభ్యునికి పంపవలెను. అంచనా కాగితములు చూడనివాడు సలహా చెప్పలేడు. ఒకరి చేతిలోని ఫోను నలుగురికి వినిపించదు. గదిలో అందరికి వినబడు స్పీకరు, అందరి మాట అందుకొను మైకు ఉండవలెను. 2019 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామ సచివాలయములలో కంప్యూటర్లు ఏర్పాటైనవి. వానిని ఇందుకు వినియోగింపవచ్చును. దూరముననున్నవారికి మొదట మాట ఇచ్చుట మంచిది. ఆలస్యమైనచో లైను తెగిపోవచ్చును. లైను తెగినచో అధ్యక్షుడు కొంతసేపు ఆగి, ఆ సంగతిని పుస్తకములో వ్రాయింపవలెను. సిగ్నలు అందని చోటనున్న సభ్యుడు తన అభిప్రాయమును వ్రాసి ముందే పంపవచ్చును. దానిని సభలో చదివింపవలెను. మినిట్సు సిద్ధపరచుటకు తోడ్పడు సభాసార్ అను సాధనమును కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టులో ప్రవేశపెట్టినది. అయినను యంత్రము వ్రాసినదానిని మనుష్యులు చదివి సరిచూడక తప్పదు.

ఒక హెచ్చరిక. మహిళా సభ్యురాలి బదులు భర్తయో, మరిదియో సమావేశములో కూర్చుండుట పలుచోట్ల కనబడుచున్న లోపము. ఫోను ఈ లోపమును మరింత మరుగుపరచగలదు. తెర వెనుక ఎవరు చెప్పించుచున్నదియు మనకు కానరాదు. కనుక సభ్యురాలి ముఖము కనబడవలెను, మాట ఆమెదే కావలెను. మరొకవైపు చూచినచో, చంటిబిడ్డ తల్లికి, నడువలేని సభ్యునికి ఇదే సాధనము తలుపు తెరచునది. దానిని ఆ మేలుకే వాడవలెను.

గ్రామసభ సంగతి వేరు. వోటర్ల జాబితాలోని వారందరు దానికి సభ్యులు. ఫోను లేని ముసలమ్మకు అక్కడ లేచి నిలిచి లెక్క అడుగు హక్కు కలదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రములోని 13,326 పంచాయతీలలో ఒకేనాడు గ్రామసభలు జరిగినవి. ఆ కూడికకు ఫోను బదులు కానేరదు. వలసలోనున్నవారికి తోడు మాత్రము కాగలదు.

వచ్చు సమావేశములోనే సభ్యులు ఈ విషయమును ఎజెండాలో చేర్చుకొందురుగాక. మన వార్డులలో ఎవరు ఏ నెలలో ఊరిలో నుండరో ఒక పట్టిక వ్రాసికొని, ముఖ్యమైన నిర్ణయములను వారు ఉన్న నెలలకు జరుపుట మొదటి మార్గము. జరుపలేనప్పుడు వారి మాటను దూరమునుండియైనను రప్పించుట రెండవది. ఏ మార్గమైనను, ఏ వీధి మాటయు వినబడకుండ తీర్మానముపై సంతకములు పడరాదు.