ఫిఫ్టీ-ఫిఫ్టీ ఎవరిది?

నారాయణఖేడ్ బస్టాండులో హైదరాబాద్ బస్సెక్కే ముందు నేను తప్పకుండా కొనేది ఒక ఫిఫ్టీ-ఫిఫ్టీ బిస్కెట్ ప్యాకెట్. కొంచెం తీపి, కొంచెం ఉప్పు. మొన్న హాస్టల్లో మా రూమ్మేట్ "అది ఫారిన్ కంపెనీదిరా" అన్నాడు. "కాదు, మనదే" అన్నాను. పందెం రెండు సమోసాలు. తీరా వెతికి చూస్తే ఇద్దరం సగం సగం కరెక్టే!

దాన్ని చేసే బ్రిటానియా 1892లో కలకత్తాలో 295 రూపాయల పెట్టుబడితో మొదలైంది. 1924లో లండన్‌కు చెందిన పీక్ ఫ్రీన్ కంపెనీ చేతికి వెళ్ళింది. 1980లలో అమెరికా కంపెనీ నబిస్కో వచ్చింది. 1934లో రిట్జ్ క్రాకర్‌ను మార్కెట్లోకి తెచ్చింది ఈ నబిస్కోనే. 1993లో బొంబాయి వాడియా గ్రూపు, ఫ్రాన్స్ కంపెనీ డానోన్ కలిసి పగ్గాలు పట్టుకున్నాయి. మన ఫిఫ్టీ-ఫిఫ్టీ పుట్టింది కూడా ఆ 1993లోనే. మస్కా చస్కా లాంటి రుచులు తర్వాత వచ్చాయి.

మనం ఇంజనీరింగ్ వాళ్ళం కదా, ఒక చిన్న సంగతి. క్రాకర్ మీద ఆ చిల్లులు అందం కోసం కాదు. పిండిని పల్చగా పొరలు పొరలుగా ఒత్తుతారు. ఓవెన్లో లోపలి నీరు ఆవిరవుతుంది. చిల్లుల్లోంచి ఆ ఆవిరి బయటికి పోకపోతే బిస్కెట్ పూరీలా ఉబ్బిపోతుంది.

ఇక అసలు కథ పేరు దగ్గర ఉంది. 1997లో బ్రిటానియా టైగర్ అనే గ్లూకోజ్ బిస్కెట్ తెచ్చింది, బాగా అమ్ముడుపోయింది. భాగస్వామి డానోనేమో చాలా దేశాల్లో టైగర్ పేరును తన పేరు మీద రిజిస్టర్ చేయించుకుంది. ఇది ఎలా కుదురుతుందంటే, ట్రేడ్‌మార్క్ హక్కు ఏ దేశానికి ఆ దేశమే. ఇండియాలో పేరు నీదైనంత మాత్రాన ఇండోనేషియాలో నీది కాదు. ఇది బయటపడ్డాక ఇద్దరి మధ్య ఏళ్ళ తరబడి గొడవ నడిచింది. మధ్యలో 2007లో డానోన్ తన బిస్కెట్ వ్యాపారాన్ని అమెరికాకు చెందిన క్రాఫ్ట్‌కు అమ్మేసింది. 2009లో బ్రిటానియాలో ఉన్న వాటాను కూడా వాడియాలకు అమ్మి వెళ్ళిపోయింది. అంటే ఇవాళ పగ్గాలు మనవాళ్ళ చేతిలోనే ఉన్నాయి.

ఇదంతా నాకెందుకంటే, మా మేనమామకు ఊళ్ళో చిన్న బేకరీ ఉంది. ఆయన చేసే జీలకర్ర ఉప్పు బిస్కెట్‌ను బీదర్ నుంచి వచ్చేవాళ్ళు కూడా కిలోల లెక్కన కట్టించుకుని పోతారు. కానీ కవరు మీద పేరు లేదు. పోయిన దసరాకు ఇంటికెళ్ళినప్పుడు ఇదంతా చెప్పి, "మామా, ముందు ఒక పేరు పెట్టి రిజిస్టర్ చేయించు" అన్నాను. "గీ చిన్న దుకాణానికి గదంతా ఎందుకురా" అని నవ్విండు. బ్రిటానియా మొదలైంది 295 రూపాయలతో అని చెప్పిన. అప్పుడు నవ్వు ఆగింది. "సరే, ఫారం ఎక్కడ దొరుకుతదో చూడు" అన్నడు.

ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. బిస్కెట్లు 30వ క్లాసు కిందికి వస్తాయి. ముందుగా ఆ పేరు ఇంకెవరిదైనా ఉందేమో వెతకాలి, అది ఎవరైనా ఉచితంగా చేసుకోవచ్చు. నేను ఇప్పటికి నాలుగు పేర్లు వెతికాను. మూడు అప్పటికే వేరేవాళ్ళవి. నాలుగోది ఖాళీగా ఉంది కానీ ఇక్కడ రాయను. రిజిస్టర్ అయ్యేదాకా అది మా ఇంటి రహస్యం!

సమోసాల పందెం మాత్రం తేలలేదు. చెరొకటి కొనుక్కుని తిన్నాం.