రైఫిల్ కంటే ముందు పెట్టె

ఎయిర్ రైఫిల్ కొనాలనుకునే మిత్రులు నన్ను మొదట అడిగేది, "ఏ కంపెనీది తీసుకోమంటావ్?" అని. నేను చెప్పేది ఒకటే: ముందు పెల్లెట్‌ని ఆపే పెట్టె చేసుకోండి.

హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. ఆ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క 0.5 మి.మీ., పెల్లెట్ 4.5 మి.మీ. ఇంట్లో సాధనకి 10 మీటర్ల ఖాళీ, నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో టార్గెట్, దాని వెనక గట్టి పెట్టె ఉండాలి.

జహీరాబాద్‌లో మా షెడ్డులోది చెక్క పెట్టె. లోపల 3 మి.మీ. మందం ఇనప ప్లేటు. ప్లేటుని నిటారుగా పెడితే పెల్లెట్ ముక్కలు తిరిగి మన మొహం మీదకే రావచ్చు. అందుకే పై అంచు మనవైపు, కింది అంచు వెనక్కి ఉండేలా 45 డిగ్రీలు వాల్చి బిగించాను. తగిలిన పెల్లెట్ కిందికి మళ్లి, అడుగున పోసిన ఇసుకలో పడుతుంది.

ప్లేటుకి డ్రిల్లింగ్ చేసేటప్పుడు చేత్తో పట్టుకోవద్దు, బెంచ్ వైస్‌లో బిగించండి. గ్రైండర్ పట్టినా, రైఫిల్ పట్టినా సేఫ్టీ గ్లాసెస్ తప్పనిసరి. టార్గెట్ వైపు తలుపుంటే లోపల గడియ పెట్టండి. ఆడుకునే పిల్లలు చెప్పి రారు కదా!

పెల్లెట్లు ఎక్కువగా సీసంతో చేసినవే. పెట్టె చుట్టూ చీపురుతో ఊడిస్తే ఆ దుమ్ము లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే తిండి.

ఇవన్నీ అయ్యాక అడగండి, ఏ రైఫిల్ కొనాలో తీరిగ్గా మాట్లాడుకుందాం.