ఉత్తరాల చదరంగం, రెండు యంత్రాలు

ఉత్తరాల ద్వారా ఆడే చదరంగాన్ని కంప్యూటర్ చంపేసిందని చదరంగం తెలిసినవాళ్లు తరచూ అంటుంటారు. ఈ నిందలో రెండు వేర్వేరు యంత్రాలను ఒకే గాటన కట్టేయడం ఉంది. ఒకటి ఎత్తులు ఆలోచించే ఇంజన్. రెండోది జరిగిపోయిన ఆటలన్నీ పోగేసుకుని, అడిగిన స్థితిని క్షణంలో తీసి చూపించే డేటాబేస్. మొదటిదాని మీద వచ్చిన ఫిర్యాదును రెండోదాని ఖాతాలో రాయడం అన్యాయమని నా వాదన. ముఖ్యంగా హైదరాబాద్ లాంటి, చదరంగపు రాజధానులకు దూరంగా ఉన్న ఊరి వైపు నుంచి చూస్తే ఈ వెతికే యంత్రం చేసిన మేలు చిన్నది కాదు. అబిడ్స్ జీపీవోలో పడే ఒక చదరంగపు కార్డు మీద ఏం ఉండేదో చూస్తే ఆ సంగతి తేలుతుంది. 5254 అని నాలుగు అంకెలు ఉండేవి. నిలువు వరుసలకు ఎడమ నుంచి 1 మొదలు 8 దాకా, అడ్డ వరుసలకు తెల్లపావుల వైపు నుంచి 1 మొదలు 8 దాకా సంఖ్యలు. అంటే ఐదో నిలువు వరుసలో రెండో గడిలోని బంటు నాలుగో గడికి వెళ్లిందన్నమాట. ఏ భాషవాడికైనా అర్థమయ్యే రాత. దాని పక్కన, అవతలివాడి కార్డు అందిన తేదీ, జవాబు పోస్టు చేసిన తేదీ. సాధారణంగా పది ఎత్తులకు ముప్పై రోజుల గడువు. దారిలో పోయిన రోజులు లెక్కలోకి రావు కాబట్టి తగాదా వస్తే పోస్టాఫీసు ముద్ర మీది తేదీయే సాక్ష్యం. నాంపల్లిలోనో సికింద్రాబాద్‌లోనో రైలెక్కిన కార్డు సముద్రం దాటి జవాబు తెచ్చేసరికి వారాలు గడిచేవి. ఈ ఆటలో మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ 1950లో మొదలై 1953లో ముగిసింది. ఆస్ట్రేలియాకు చెందిన సెసిల్ పర్డీ గెలిచాడు.

బల్ల మీద ఎదురెదురుగా కూర్చుని ఆడేటప్పుడు పుస్తకం తెరిస్తే అది మోసం. ఉత్తరాల ఆటలో పుస్తకం చూడటం మొదటి నుంచీ న్యాయమే. కాబట్టి పోటీ ఇద్దరి బుర్రల మధ్యే కాదు, ఇద్దరి అల్మారాల మధ్య కూడా. ఇక్కడే దూరం దెబ్బ కొట్టేది. 1966లో అలెగ్జాండర్ మతనోవిచ్ బెల్‌గ్రేడ్‌లో ప్రారంభించిన ‘షహోవ్‌స్కీ ఇన్ఫర్మేటర్’ ఆ కాలపు ప్రధాన ఆధారగ్రంథం. మాటలు లేకుండా గుర్తులతోనే వ్యాఖ్యానం, ప్రారంభాలకు ఎ00 నుంచి ఇ99 దాకా 500 సంకేతాలు. ఎంతో తెలివైన ఏర్పాటే గానీ, చాలాకాలం ఏడాదికి రెండు సంచికలే వచ్చేవి. మాస్కోలో వసంతకాలంలో పుట్టిన కొత్త ఎత్తు అచ్చయి, ఓడెక్కి హైదరాబాద్ చేరేలోపు అక్కడివాళ్లు దానికి విరుగుడు కూడా కనిపెట్టేసేవారు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల సంతలో దేన్నయినా వెతకొచ్చు. కానీ కావలసిన సంచిక కావలసిన వారంలో దొరకాలంటే అదృష్టం ఉండాలి. ఇలాంటి ఆటలో వెనకబడ్డవాడి లోపం ఆలోచనలోనా, తపాలాలోనా అన్నది విడదీసి చెప్పడం కష్టం.

సమాచారం ఒక్కటే ఎంత తేడా చేస్తుందో హాంబర్గ్‌లో తేలింది. 1985లో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ అక్కడి క్లబ్బు ఆటగాళ్లు ఎనిమిది మందితో ఒకేసారి ఆడి 3.5–4.5 తేడాతో ఓడిపోయాడు. ఎదుట ఉన్నది ఎవరో, ఎలా ఆడతారో ఆయనకు తెలియదు. అప్పట్లో భౌతికశాస్త్ర విద్యార్థి అయిన మథియాస్ వ్యూలెన్‌వెబర్ రాసిన చెస్‌బేస్ అనే ఆటల డేటాబేస్ ప్రోగ్రాం ఆ తర్వాత వచ్చింది. 1987లో కాస్పరోవ్ అటారీ కంప్యూటర్ మీద ఆ ప్రత్యర్థుల పాత ఆటలు తిరగేసి మళ్లీ వెళ్లి 7–1తో గెలిచాడు. ఆ యంత్రం ఒక్క ఎత్తు కూడా ఆలోచించి పెట్టలేదు, వెతికి ఇచ్చిందంతే. ప్రపంచ చాంపియన్‌కే అంత ఉపయోగపడిందంటే, ఇన్ఫర్మేటర్ కోసం నెలల తరబడి ఎదురుచూసేవాడికి ఎంత ఉపయోగపడుతుందో లెక్కేసుకోవచ్చు. 1993లో ఆటలను రాసుకునే ఉమ్మడి ఫైలు పద్ధతి పీజీఎన్ వచ్చింది. 1994 సెప్టెంబర్ నుంచి మార్క్ క్రౌథర్ వారం వారం ఆటల సంకలనాన్ని ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టాడు. ఆర్నెల్ల ఆలస్యం ఒక్క వారానికి దిగింది. 2002 అక్టోబర్‌లో ప్రపంచ కప్ పోటీలు రామోజీ ఫిల్మ్ సిటీలో జరిగి ఆనంద్ గెలిచినప్పుడు, ఆ ఆటల కోసం బయటి దేశాలవాళ్లే హైదరాబాద్ వైపు చూశారు. గుంటూరు కుర్రాడు హరికృష్ణ 2001లో, కోనేరు హంపి 2002లో గ్రాండ్‌మాస్టర్లయ్యారు. అదంతా డేటాబేస్ చలవే అంటే తల్లిదండ్రుల, గురువుల కష్టాన్ని తక్కువ చేసినట్టే. తెలుగు జిల్లాల నుంచి వచ్చే పిల్లలకు తపాలా ఆలస్యం అనే అడ్డంకి ఒకటి తొలగిందనేంత వరకే నేను చెప్పగలను.

పోగేసిన ఆటలను నమ్మితే గోతిలో పడతామన్న అభ్యంతరం ఉంది, నిజమే. 1987లో గ్రాండ్‌మాస్టర్లు మైల్స్, క్రిస్టియన్‌సెన్ మధ్య పెట్రోవ్ రక్షణ అనే ప్రారంభంతో జరిగిన ఆటలో క్రిస్టియన్‌సెన్ ఐదో ఎత్తుగా నల్ల శకటును ఎఫ్5కి తెచ్చాడు. అది ఘోరమైన తప్పు. మైల్స్ దాన్ని వాడుకోలేదు, ఆట డ్రా అయింది, రికార్డుల్లోకి ఎక్కింది. 1988లో బీల్ పోటీలో ఆనంద్ అదే ఎత్తు వేశాడు. కొలంబియాకు చెందిన జపాటా తన మంత్రిని ఇ2కి జరిపాడు. ఇ4లో ఉన్న నల్ల గుర్రం కదిలితే వెనకున్న రాజు మీదికి దాడి వస్తుంది కాబట్టి కదలడానికి వీల్లేదు, కదలకపోతే బంటు వచ్చి కొడుతుంది. ఆరో ఎత్తుకే ఆనంద్ ఆట వదిలేశాడు. ఎక్కువమంది ఆడారనో, డ్రా అయిందనో ఎత్తును నమ్మడం ఎంత ప్రమాదమో ఇంతకన్నా చెప్పేదేముంది? అయితే ఆ తప్పు అచ్చు పుస్తకాల కాలం నాటిది. ఇవాళ అదే రికార్డును ఇంజన్ ముందు పెడితే రెప్పపాటులో పట్టేస్తుంది. వెతికే యంత్రానికి తనిఖీ చేసే యంత్రం అవసరమని ఈ ఉదాహరణ చెబుతుంది, వెతకడమే వద్దని కాదు.

అసలు గట్టి అభ్యంతరం డ్రాల గురించి. అంతర్జాతీయ ఉత్తరాల చదరంగ సమాఖ్య ఐసీసీఎఫ్ 1951 నాటిది. 2004లో అది సొంత సర్వర్ తెచ్చింది, ఇంజన్లు వాడుకోవడానికీ అడ్డు చెప్పదు. ఇప్పుడు పై స్థాయి ఫైనళ్లలో ఎక్కువ ఆటలు డ్రాగానే ముగుస్తున్నాయి. పోటీ చప్పబడిందన్న మాట నేను కాదనను. కానీ ఇందులో పెద్ద వాటా ఇంజన్‌దే. డేటాబేస్ ఇద్దరినీ ఒకే గీత మీద నిలబెట్టింది. ఆ గీత నుంచి ఎవరూ ముందుకు కదలకుండా చేసింది ఇంజన్.

ఈ రెండు యంత్రాల మధ్య గీత చెరిగిపోయే చోటు ఒకటి ఉంది. అది ముగింపు పట్టిక. రాజు చిక్కుబడిపోయిన స్థితుల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క ఎత్తూ వెనక్కి నడుస్తూ, ఏ స్థితి గెలుపో ఏది డ్రానో రాసుకుంటూ పోతే తయారయ్యే నిఘంటువు అది. ఎవరూ ఎన్నడూ ఆడని ఆటలు కూడా అందులో ఉంటాయి. రాజులతో కలిపి ఏడు పావుల దాకా ఉన్న స్థితులకు మాస్కో విశ్వవిద్యాలయంలో 2012లో పూర్తయిన లొమొనోసోవ్ పట్టిక 140 టెరాబైట్లు. 500 ఎత్తులకు పైగా నడిస్తే గానీ తేలని గెలుపులు అందులో బయటపడ్డాయి. బంటు కదలకుండా, పావు కొట్టకుండా 50 ఎత్తులు గడిస్తే డ్రా అనే నియమం ముందు అలాంటి గెలుపులకు విలువ ఉండదు. ఐసీసీఎఫ్ 2014 నుంచి ఆరు పావుల పట్టిక చూపించి గెలుపు కోరవచ్చని, అక్కడ 50 ఎత్తుల నియమం వర్తించదని తేల్చింది. 2020లో దాన్ని ఏడు పావులకు పెంచింది. డబ్బున్నవాడి దగ్గరే ఇంత పెద్ద పట్టిక ఉంటుంది కదా అంటే, ఆ భయం కొంతే నిజం. రొనాల్డ్ డి మాన్ తయారుచేసిన సిజిజీ పద్ధతిలో అదే ఏడు పావుల సమాచారం దాదాపు 18 టెరాబైట్లలో ఇమిడింది, ఎందుకంటే అది రాజు చిక్కుబడే దాకా ఎన్ని ఎత్తులో లెక్కపెట్టదు. ఇంట్లో పెట్టుకోవడానికి అది కూడా ఎక్కువే. అయితే లిచెస్ అనే చదరంగపు వెబ్‌సైటు దాన్ని ఉచితంగా అడగనిస్తోంది కాబట్టి నాంపల్లిలో కూర్చున్నవాడి ఫోన్‌కూ బెర్లిన్‌లో ఉన్నవాడి ఫోన్‌కూ ఒకే జవాబు వస్తుంది. వారాల తరబడి ఇంజన్ నడిపించే ఖరీదైన కంప్యూటర్ విషయంలో మాత్రం తేడా తేడాయే. ఎనిమిది పావుల పూర్తి పట్టిక ఇంకా తయారు కాలేదు. ఏడుకన్నా ఎక్కువ పావులున్న బల్ల మీద ఇంజన్ అంచనా చెబుతుంది గానీ తీర్పు చెప్పలేదు.