గ్యాసు బ్రూడర్లలో తరచుగా తలెత్తే లోపాలు – కారణాలు, సవరణలు

హేచరీ నుంచి వచ్చిన కోడిపిల్ల తొలి రోజులలో తన శరీర ఉష్ణోగ్రతను తానుగా నిలుపుకోలేదు. అందువల్ల మొదటి వారంలో సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వేడిని కల్పించి, ఆపై వారానికి దాదాపు 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవడం బ్రాయిలర్ పెంపకంలో స్థిరపడిన పద్ధతి. ఒకప్పుడు బొగ్గుల కుంపట్లు, విద్యుద్దీపాలు నెరవేర్చిన ఈ పనిని నేడు అనేక ఫారాలలో ఎల్‌పీజీతో వెలిగే బ్రూడర్లు చేస్తున్నాయి. పుష్య మాసపు రాత్రి రెండు గంటలకు బ్రూడరు ఆరిపోయి, కాపలా మనిషి గమనించకపోతే, పిల్లలు వెచ్చదనం కోసం ఒకదానిపై ఒకటి గుమిగూడుతాయి. అడుగున పడినవి ఊపిరాడక మరణిస్తాయి. తెల్లవారిన తరువాత విస్తరణ శాస్త్రవేత్తకు వచ్చే ఫోనులో మాత్రం ‘బ్రూడరు చెడిపోయింది’ అన్న ఒక్క మాటే ఉంటుంది.

ఆ మాటను యథాతథంగా స్వీకరించరాదు. చెడినదని చెప్పే బ్రూడర్లలో చాలావాటికి అసలు చిక్కు విడిభాగాలలో ఉండదు. అవి పీల్చే గాలిలోనో, వాటికి అందే గ్యాసు ఒత్తిడిలోనో ఉంటుంది. ఈ రెండింటినీ పరిశీలించకుండా భాగాలను మార్చడం వలన రైతుకు ఖర్చు మిగులుతుంది, లోపం అలాగే నిలుస్తుంది.

పనిముట్ల పెట్టె తెరవడానికి ముందు చిక్‌గార్డు వెలుపల కొద్ది నిమిషాలు నిశ్శబ్దంగా నిలిచి పిల్లలను గమనించాలి. అవి బ్రూడరు కింద కుప్పగా చేరితే వేడి చాలడం లేదు. రెక్కలు జార్చి, నోళ్లు తెరచి గార్డు అంచులకు పోతే వేడి ఎక్కువైంది. ఒకే పక్కకు ఒదిగితే ఎదుటి వైపు నుంచి చలిగాలి కొడుతున్నది. అప్పుడు సరిచేయవలసినది పరదా, బ్రూడరు కాదు. థర్మామీటరు మనిషి కంటికి అందే ఎత్తున వేలాడదీసి ఉంటే ఆ అంకెకు విలువ లేదు. పిల్ల వీపు ఎత్తున, అనగా లిట్టరుకు సుమారు 5 సెంటీమీటర్ల పైన కొలవాలి. థర్మోస్టాట్ ఉన్న బ్రూడర్లలో దాని సెన్సారుపై ధూళి పేరుకొంటే అది మార్పును ఆలస్యంగా గ్రహిస్తుంది, మంట వేళతప్పి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మెత్తని గుడ్డతో తుడవడమే దీనికి చికిత్స.

తరువాత చూడవలసినది మంట. గ్యాసులో తగినంత గాలి కలిసినపుడు మంట నీలంగా, స్థిరంగా ఉంటుంది. పింగాణీ పలకల బ్రూడరులో పలక అంతటా ఒకే తీరున నారింజ రంగులో ప్రకాశిస్తుంది. మంట పసుపురంగుకు మారి, కొనలు ఊగుతూ, పైకప్పుకు మసి పట్టుతున్నదంటే గాలి చాలడం లేదని అర్థం. గాలి లోనికి పోయే రంధ్రాలను ఊక ధూళి, ఈకల నూగు మూసివేస్తాయి. బ్యాచికీ బ్యాచికీ నడుమ ఖాళీగా ఉన్న రోజులలో బర్నరు గొట్టంలో సాలీడు గూడు కట్టడమూ కద్దు. పలకపై అక్కడక్కడ నల్లని మచ్చలు కనిపిస్తే వెనుక వైపు నుంచి తక్కువ ఒత్తిడి గాలితో ఊదాలి. పలక పగిలి ఉంటే మంట వెనుకకు తన్నే ప్రమాదమున్నందున దానిని మార్చడం తప్ప మార్గం లేదు. ఈ సందర్భంలో ఒక దురలవాటును ప్రస్తావించాలి. జెట్ రంధ్రం మూసుకొన్నదని సూదితోనో, సన్నని తీగతోనో పొడుస్తారు. రంధ్రపు వ్యాసం పదోవంతు పెరిగినా దాని వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. ఆ మేరకు గ్యాసు ఎక్కువై, అంతకుముందు లేని పసుపు మంట కొత్తగా పుడుతుంది. జెట్‌ను విప్పి గాలితో ఊదాలి, శుభ్రపడకపోతే అదే కొలత గల కొత్తది వేయాలి.

బర్నరును శుభ్రం చేసిన తరువాత కూడా పసుపు మంట పోకపోతే దృష్టిని షెడ్డు వైపు మరల్చాలి. ఒక కిలో ఎల్‌పీజీ సంపూర్ణంగా మండటానికి సుమారు 13 ఘనపు మీటర్ల గాలి అవసరం. ఆ దహనంలో దాదాపు 3 కిలోల కార్బన్ డయాక్సైడు, సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి వెలువడతాయి. పొగగొట్టం లేని బ్రూడరులో ఇదంతా పిల్లల నడుమకే చేరుతుంది. 19 కిలోల సిలిండరు ఒకటి ఖాళీ అయ్యేసరికి షెడ్డులోకి సుమారు 30 లీటర్ల నీరు ఆవిరి రూపంలో వచ్చి చేరినదన్నమాట. లిట్టరు తడిసిందని, అమోనియా ఘాటు పెరిగిందని నిపుల్ డ్రింకర్లను అనుమానించి, సున్నం చల్లి అలసిపోయిన రైతులకు ఈ లెక్క తెలియజేయాలి. ఆవిరి బయటకు పోయే దారి లేనపుడు అది చల్లని గోడలపై, లిట్టరులో నీరుగా మారుతుంది.

రైతు పరదాలను బిగించడం అజ్ఞానం వలన కాదు. కాంట్రాక్టు పెంపకంలో పిల్లలు, దాణా కంపెనీవి. వేడికయ్యే ఖర్చు సాధారణంగా రైతుదే. గ్యాసు పొదుపు కోసం అతడు సందులన్నీ మూస్తాడు. ప్రాణవాయువు తగ్గే కొద్దీ దహనం అసంపూర్ణమై, అదే గ్యాసు నుంచి తక్కువ వేడి, ఎక్కువ కార్బన్ మోనాక్సైడు వస్తాయి. అంటే పొదుపు చేయబోయిన గ్యాసే వృథా అవుతుంది. పెంపకపు మార్గదర్శకాలు పిల్లల ఎత్తున కార్బన్ డయాక్సైడు 3,000 పీపీఎం లోపు, కార్బన్ మోనాక్సైడు 10 పీపీఎం లోపు ఉండాలని సూచిస్తున్నాయి. తొలి వారంలో ప్రాణవాయువు కొరతకు గురైన బ్రాయిలర్లలో నాలుగైదు వారాల వయసున పొట్టలో నీరు చేరే అసైటిస్ కనిపించే అవకాశం ఎక్కువ. అప్పటికి బ్రూడర్లు అటకెక్కి ఉంటాయి కనుక ఎవరూ వాటిని తలచుకోరు. పరదాల పై అంచున షెడ్డు పొడవునా కొద్దిపాటి సందు వదలితే చలిగాలి నేరుగా పిల్లలపై పడకుండా పైనున్న వేడిగాలిలో కలిసి దిగుతుంది. కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. మూసిన షెడ్డులో బ్రూడర్ల పక్కన కాపలావారిని నిద్రింపజేయరాదని ప్రతి సందర్శనలోనూ చెప్పవలసిందే.

సాయంత్రం బాగా మండిన బ్రూడరు తెల్లవారుజామున నీరసించడం శీతాకాలపు మరో సాధారణ ఫిర్యాదు. సిలిండరును తాకి చూస్తే కారణం చేతికే తెలుస్తుంది. ద్రవం ఆవిరి కావడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచి సిలిండరు గోడల ద్వారా గ్రహిస్తుంది. ఒక సిలిండరుపై ఎక్కువ బ్రూడర్లు ఉంటే ఆ వేడి చాలక సిలిండరు చల్లబడి, పైన మంచు కడుతుంది, లోపలి ఒత్తిడి పడిపోతుంది. పైగా ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల వద్ద, బ్యూటేన్ దాదాపు మైనస్ అర డిగ్రీ వద్ద మరుగుతాయి కనుక తేలికగా ఆవిరయ్యే ప్రొపేన్ ముందు ఖర్చై, సిలిండరు అడుగున బ్యూటేన్ ఎక్కువగా మిగులుతుంది. వేడి నీళ్లు పోయడం, పక్కన మంట పెట్టడం ప్రాణాంతకం. సిలిండరును పడుకోబెడితే ద్రవమే రెగ్యులేటరులోకి పోయి బర్నరు వద్ద మంట ఎగసిపడుతుంది. రెండు మూడు సిలిండర్లను సమాంతరంగా కలిపి భారాన్ని పంచడమే సరైన పరిష్కారం.

తక్కువ ఒత్తిడి బ్రూడర్లలో ఒత్తిడిని కొలవడానికి ఖరీదైన పరికరం అవసరం లేదు. పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాన్ని ‘యు’ ఆకారంలో చెక్కకు బిగించి, సగం నీరు నింపి, రెగ్యులేటరు తరువాతి లైనుకు కలిపితే రెండు కొమ్మలలోని నీటి మట్టాల తేడా 30 సెంటీమీటర్లు అయినపుడు ఒత్తిడి సుమారు 30 మిల్లీబార్లు. అన్ని బ్రూడర్లూ వెలుగుతుండగా, లైను చివర కొలవాలి. ఆర్పివేసి కొలిస్తే సన్నని పైపుల లోపం బయటపడదు. వచ్చిన అంకెను బ్రూడరు పలకపై తయారీదారు ముద్రించిన ఒత్తిడితో పోల్చాలి. హై ప్రెషర్ రెగ్యులేటర్లకు ఈ గొట్టాన్ని తగిలించరాదు, నీరంతా చిమ్ముతుంది.

పైలట్ మంట బొత్తాన్ని వదలగానే ఆరిపోతే అందరూ థర్మోకపుల్‌నే నిందిస్తారు. దాని కొన వేడెక్కినపుడు పుట్టే సుమారు 20 నుంచి 30 మిల్లీవోల్టుల విద్యుత్తు ఒక చిన్న అయస్కాంతాన్ని నిలిపి గ్యాసు వాల్వును తెరచి ఉంచుతుంది. మంట ఆరితే విద్యుత్తు ఆగి వాల్వు మూసుకొంటుంది. కనుక బొత్తాన్ని అర నిమిషమైనా నొక్కి ఉంచారా, మంట కొనను చుట్టుముడుతున్నదా, కొనపై మసి ఉన్నదా, వాల్వు వద్ద నట్టు వదులైనదా అన్నవి వరుసగా చూసి, మల్టీమీటరుతో కొలిచిన తరువాతే కొత్తది కొనాలి. ఈ శ్రమ పడలేక బొత్తాన్ని తీగతో కట్టివేసిన బ్రూడర్లు క్షేత్రస్థాయిలో కనిపిస్తాయి. ఎల్‌పీజీ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువైనది. మంట ఆరినా ఆగని గ్యాసు నేలబారున, పిల్లల మధ్యనే పరచుకొంటుంది. అమోనియా ఘాటుకు అలవాటుపడిన ముక్కు దాని వాసనను పసిగట్టలేకపోవచ్చు. అటువంటి బ్రూడరును వెంటనే ఆపించి, తీగ విప్పిన తరువాతే మిగతా పరిశీలన కొనసాగించాలి.

అమోనియా ఇత్తడికి కూడా శత్రువు. తేమతో కలిసి ఇత్తడి కలపులను నీలిపచ్చని చిలుముతో కప్పి, లోలోపల పగుళ్లు తెస్తుంది. రబ్బరు గొట్టాలను ఎలుకలు కొరుకుతాయి. గొట్టాలు, కలపులు అన్నింటికీ సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. అగ్గిపుల్లతో ఎన్నడూ పరీక్షించరాదు. బ్యాచి ముగియగానే, షెడ్డును ఫ్యూమిగేషన్ చేయక ముందే బ్రూడర్లను బయటకు తెచ్చి, ధూళి ఊది, బర్నరు మూతిని గుడ్డతో కట్టి పొడి చోట భద్రపరచాలి. కొత్త పిల్లలు రావడానికి 24 గంటల ముందు షెడ్డును వేడిచేయడం ఎలాగూ అవసరమే. దానిని ఒక పగలు ముందుకు జరిపి బ్రూడర్లన్నింటినీ వెలిగించి చూస్తే, కావలసిన జెట్‌నో థర్మోకపుల్‌నో దుకాణం తెరచి ఉండగానే తెచ్చుకోవచ్చు.