మీకు తెలుసా? కరెంటొచ్చాకే మెయిల్ సర్వర్‌కి అసలు గండం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటాక ఊళ్లో కరెంటు, సెల్‌ఫోన్లు రోజుల తరబడి లేవు. అలాంటప్పుడు ఇక్కడి ఆఫీసులకు బయటి నుంచి వచ్చే మెయిళ్లు ఏమవుతాయి? పోవు. పంపిన సర్వరే ఉత్తరాన్ని దగ్గరుంచుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కనీసం నాలుగైదు రోజులు చూడందే చేతులెత్తేయకూడదన్నది ఇంటర్నెట్ నియమం.

చిక్కల్లా కరెంటొచ్చాకే. ఆగినవన్నీ ఒక్కసారిగా వచ్చిపడతాయి. వాటిలో ప్రతిదాన్నీ స్పామ్ ఫిల్టర్ చదవాలి. చాలాచోట్ల ఆ పని చేసేది 2001లో జస్టిన్ మేసన్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ స్పామ్‌అసాసిన్. అందులోని స్పామ్‌డి అనే ప్రోగ్రామ్ కొన్ని పిల్ల ప్రాసెస్‌లను నడుపుతుంది. ఒక్కొక్కటీ ఒకసారికి ఒక్క ఉత్తరమే చూస్తుంది, పదుల మెగాబైట్ల మెమరీ తింటుంది. క్యూ పెరిగిందని కంగారుపడి పిల్లల సంఖ్య పెంచారో, ర్యామ్ నిండిపోయి పని డిస్కు (స్వాప్) మీద పడుతుంది. సెకన్లలో తేలాల్సిన ఉత్తరానికి నిమిషాలు పడతాయి. అవతలివాళ్లు విసిగి తెంచుకుని, అదే ఉత్తరంతో మళ్లీ వస్తారు. సర్వర్ ఇంకా మునుగుతుంది.

విశాఖ పోర్టులో బెర్తు ఖాళీ లేకపోతే ఓడలు బయటే లంగరేసుకుని ఆగుతాయి. ఇక్కడా అంతే చేయాలి. స్పామ్‌డి మామూలు హద్దు ఐదుగురు పిల్లలు. ర్యామ్ చాలినంత మేరకే పెంచండి. ఆపైన వచ్చే సర్వర్లకు 4తో మొదలయ్యే జవాబు ఇస్తే ‘తర్వాత రండి’ అని అర్థం, ఉత్తరం భద్రం. పొరపాటున 5తో మొదలయ్యేది ఇచ్చారా, ఉత్తరం తిరుగుటపా కడుతుంది!

‘టాప్’ కమాండ్ కొడితే రోగం తెలుస్తుంది. స్వాప్ నిండుతూ, డిస్కు కోసం ఎదురుచూపును చెప్పే ‘డబ్ల్యూఏ’ అంకె ఎక్కువగా ఉంటే మెమరీ కరువు. ఒకే ఒక్క ప్రాసెస్ 100 శాతం సీపీయూ పట్టుకుని కదలకపోతే ఏదో ఒక ఉత్తరం దగ్గర ఇరుక్కుందని అనుమానించాలి. ఒక్క ఉత్తరానికే అంత సీనుందా అనకండి. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ ఒక్కటి మెసేజిలో వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి, 19న ఐఓఎస్ 11.2.6తో యాపిల్ సరిచేసింది. స్పామ్ ఫిల్టర్‌లోనూ సరిగ్గా రాయని ఒక రూలు, పెద్ద ఉత్తరంలో పోలికలు వెతుకుతూ ముందుకీ వెనక్కీ తిరిగి అక్కడే చిక్కుకుపోగలదు. 500 కిలోబైట్లు దాటినవాటిని, స్పామ్‌డికి ఉత్తరాలందించే స్పామ్‌సి మామూలుగా పరీక్షకే పంపదు. స్కాన్ చేసిన షిప్పింగ్ కాగితాల కోసమని ఎవరైనా ఆ హద్దు పెంచారేమో చూడండి.

ఇంకోటి. స్పామ్‌ని గుర్తుపట్టేందుకు ఫిల్టర్ నేర్చుకున్న బేయ్స్ (Bayes) డేటాబేస్‌లో పాత మాటలను అదే అప్పుడప్పుడూ ఏరిపారేస్తుంది. సరిగ్గా రద్దీ వేళ అది మొదలైతే ఉత్తరాలు ఆగిపోతాయి. ఆ ఆటోమేటిక్ పని ఆపేసి, రాత్రి పూట క్రాన్‌కి అప్పగించండి.