ఉప్పు, ఓర్పు, సన్నని సెగ

ప్రతి సంవత్సరం మార్చి 17వ తేదీన అమెరికాలో లక్షలాది ఇళ్ళలో ఒకే వంటకం ఉడుకుతుంది. ఉప్పునీటిలో ఊరబెట్టిన గొడ్డు మాంసం, దానికి తోడుగా కాబేజీ, బంగాళాదుంపలు, కారట్లు. దీనిని 'కార్న్‌డ్ బీఫ్ అండ్ కాబేజ్' అంటారు. ఆ రోజు ఐర్లండు ప్రజల ఆరాధ్య సాధువు సెయింట్ పాట్రిక్ పండుగ. తాతముత్తాతలు ఐర్లండు నుండి వచ్చినవారికే కాక, ఆ దేశంతో ఏ బంధుత్వమూ లేనివారికి కూడా ఆనాటి విందు ఇదే. ఎందరో ఉదయం పనికి వెళ్ళేముందు మాంసాన్ని విద్యుత్తుతో పనిచేసే 'స్లో కుక్కర్'లో ఉంచి, మూతపెట్టి వెళ్ళిపోతారు. సాయంత్రం ఇంటి తలుపు తీసేసరికి వంట సిద్ధంగా ఉంటుంది.

ఇది ఐర్లండు జాతీయ వంటకమని చాలామంది అమెరికన్ల నమ్మకం. ఐర్లండులో ఈ మాట చెబితే నవ్వి ఊరుకొంటారు. అక్కడ అనాదిగా కాబేజీతో వండుకొనేది ఉప్పువేసిన పందిమాంసం. మరి ఈ వంటకం ఏ దేశానిది? దాని పుట్టుక తెలుసుకోవాలంటే మూడున్నర శతాబ్దాల వెనుకకు పోవాలి. ఒక చట్టాన్ని, ఒక కరవును, ఒక వలసవీధిని దాటి రావాలి.

పండించినవారికి దక్కని తిండి

'కార్న్' అనగానే మనకు మొక్కజొన్న స్ఫురిస్తుంది. ఈ మాంసానికీ మొక్కజొన్నకూ సంబంధం లేదు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు గింజ, పలుకు అని అర్థం. మాంసానికి పట్టించే ఉప్పుగల్లు గింజంత ఉండేది. ఉప్పుగల్లులో ఊరిన మాంసం కనుక ఆ పేరు వచ్చింది.

ప్రాచీన ఐర్లండులో ఆవు అంటే సంపద. ఆనాటి ధర్మశాస్త్రాలు జరిమానాలను కూడా ఆవుల లెక్కలోనే నిర్ణయించేవి. పాలు, వెన్న, పెరుగు ప్రజల ఆహారం. పాడి ఇచ్చే పశువును తినడానికి చంపడం అరుదు. ఆ దేశాన్ని ఇంగ్లండు జయించిన తరువాత విశాలమైన పచ్చికబయళ్ళు భూస్వాముల వశమయ్యాయి. అక్కడ పెరిగిన పశువులను ఓడలపై ఇంగ్లండుకు తోలుకొనిపోయేవారు. ఈ దిగుమతి వలన తమ పశువుల ధర పడిపోతున్నదని ఇంగ్లీషు భూస్వాములు మొరపెట్టుకోగా, వారి పార్లమెంటు 1663లో ఒకసారి, 1667లో మరింత కఠినంగా ఐర్లండు పశువుల దిగుమతిని అడ్డుకొంది.

ప్రాణమున్న పశువును పంపడానికి వీలులేకపోతే ఏం చేయాలి? మాంసాన్ని ఉప్పులో ఊరబెట్టి, పీపాలకెత్తి, సముద్రాల ఆవలి దేశాలకు పంపసాగారు. ఐర్లండులో ఉప్పుపై పన్ను ఇంగ్లండులోకంటె తక్కువ. దక్షిణ తీరాన ఉన్న కార్క్ రేవు ఆ వ్యాపారానికి పట్టుగొమ్మ అయింది. బ్రిటిష్ నౌకాదళపు నావికులు నెలల తరబడి సాగే ప్రయాణాలలో తిన్నది ఈ మాంసమే. వెస్టిండీసు చెరకు తోటల యజమానులు కొన్నదీ ఇదే. అందులో నాసిరకం పీపాలు తోటలలో చాకిరీ చేసే నల్లజాతి బానిసల తిండికి పోయేవి.

ఈ కథలో మన దేశానికీ ఒక పాత్ర ఉంది. మాంసం నిలువ ఉండడానికీ, దాని ఎరుపు చెడకుండా ఉండడానికీ ఉప్పుతోపాటు కొద్దిగా సురేకారం కలిపేవారు. ఆ కాలంలో ఇంగ్లండుకు సురేకారం ప్రధానంగా బీహారు నుండి, పాట్నా మీదుగా పోయేది. 1757లో ప్లాసీ యుద్ధం జరిగిన పిమ్మట ఆ వ్యాపారంపై ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యం సంపాదించింది. ఆ సురేకారంలో అధికభాగం తుపాకిమందుకే ఖర్చయిన మాట నిజమే. అయినా యుద్ధానికీ వంటకూ ఒకే సరుకు పనికి రావడం విచిత్రం.

ఇంత మాంసాన్ని లోకానికి అందించిన ఐర్లండులో సామాన్య రైతుకు దాని రుచి తెలియదు. మంచి భూమి పశువులకు పోగా, మిగిలిన చిన్న చెక్కలో అతడు బంగాళాదుంప వేసుకొన్నాడు. దానితోనే కడుపు నింపుకొన్నాడు. 1845లో ఆ పంటకు తెగులు సోకింది. దుంపలు నేలలోనే కుళ్ళిపోయాయి. 1852 వరకు సాగిన ఆ మహాక్షామంలో సుమారు పది లక్షలమంది ఆకలికీ రోగాలకూ బలి అయ్యారు. మరో పది లక్షలమందికి పైగా దేశం విడిచి పోయారు. ఆ సంవత్సరాలలో కూడా ధాన్యం, వెన్న, పశువులు నింపుకొన్న ఓడలు ఐర్లండు రేవుల నుండి ఇంగ్లండుకు కదలుతూనే ఉన్నాయి. డొక్కల కరవు చూసిన భారతీయ పాఠకునికి ఆ దృశ్యం వేరే వర్ణించి చెప్పనక్కరలేదు.

ఇరుగుపొరుగుల కానుక

బ్రతికి బయటపడినవారిలో వేలాదిమంది న్యూయార్కు చేరారు. అక్కడ ఇరుకు గదులలో కాపురాలు, రేవులో మూటలు మోసే కూలి, సంపన్నుల ఇళ్ళలో పనిమనుషుల ఉద్యోగాలు. కాలక్రమేణ చేతిలో నాలుగు డబ్బులు ఆడసాగాయి. పండుగనాడు ఇంటి వంట చేసుకోవాలనే కోరిక పుట్టింది. కాని ధరలు తలక్రిందులై ఉన్నాయి. ఐర్లండులో పేదవాడు పెంచుకొనే పంది చవక, గొడ్డు మాంసం అందని పండు. అమెరికాలో విశాలమైన మైదానాల పుణ్యమా అని గొడ్డు మాంసమే చవక.

1880 తరువాత తూర్పు యూరపు నుండి హింసకు వెరచి పారిపోయి వచ్చిన యూదులు అదే పేటలలో స్థిరపడ్డారు. వారి మతధర్మం ప్రకారం పందిమాంసం నిషిద్ధం. పశువు వెనుక భాగంలోని ఒక నరాన్ని కూడా తినరాదు. దానిని తీసివేయడం శ్రమతో కూడిన పని కనుక యూదుల మాంసపు దుకాణాలలో ముందుభాగపు మాంసమే అమ్మకానికి ఉండేది. అందులో 'బ్రిస్కెట్' అనే రొమ్ము మాంసం మిక్కిలి గట్టిది, అందుచేత చవకైనది. దానిని ఉప్పునీటిలో, సుగంధద్రవ్యాలలో ఊరబెట్టి మెత్తబరచే విద్య వారికి బాగా తెలుసు.

ఐరిష్ ఇల్లాలు పొరుగువీధి యూదు దుకాణంలో ఆ ముక్క కొన్నది. సొంత ఊరి పందిమాంసానికి బదులుగా దానిని కుండలో వేసింది. కూరగాయలలో అన్నిటికంటె చవకైన కాబేజీని జతచేసింది. ఆహార చరిత్రను పరిశోధించినవారు చెప్పే వృత్తాంతం ఇది. కార్క్ పీపాలలో ఎగుమతి అయిన మాంసం, పండించినవారి మనుమల పళ్ళెంలోకి ఈ విధంగా చేరింది. అందుకు సముద్రం దాటవలసి వచ్చింది, మరొక జాతివారి దుకాణం గడప తొక్కవలసి వచ్చింది.

క్రమంగా ఈ అలవాటు ఎంత బలపడిందంటే, మతాధికారులు కూడా దానిని మన్నించక తప్పలేదు. ఈ పండుగ సాధారణంగా ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాలలో పడుతుంది. ఆ దినాలలో శుక్రవారం నాడు కాథలిక్కులు మాంసం ముట్టరాదు. 2017లోను, 2023లోను మార్చి 17 శుక్రవారమే అయింది. అమెరికాలోని అనేకమంది బిషప్పులు ఆ ఒక్కరోజుకు తమ పరిధిలోని విశ్వాసులకు మినహాయింపు ఇచ్చారు.

సబ్బాతు కుండ

ఈనాడు ఈ వంటకు వాడే స్లో కుక్కర్ చరిత్ర కూడా వలసవచ్చిన ఒక యూదు కుటుంబంతోనే మొదలవుతుంది. యూదులు శుక్రవారం సూర్యాస్తమయం నుండి శనివారం రాత్రి వరకు సబ్బాతు పాటిస్తారు. ఆ సమయంలో నిప్పు రాజేయరాదు, వంట చేయరాదు. అందువలన శుక్రవారం సాయంత్రమే మాంసం, చిక్కుడు గింజలు, బార్లీ కుండకెత్తి ఊరి రొట్టెల బట్టీకి పంపేవారు. ఆరిపోతున్న బట్టీ సెగలో రాత్రంతా మగ్గిన ఆ కుండను మరునాడు ఇంటికి తెచ్చుకొనేవారు. ఆ వంటకాన్ని 'చోలెంట్' అంటారు.

లిథువేనియాలోని విల్నియస్ పట్టణంలో ఈ విధంగా కుండలు బట్టీకి పంపిన ముచ్చట ఇర్వింగ్ నాఖుమ్‌సన్ అనే ఇంజనీరుకు అతని తల్లి చెప్పింది. బట్టీతో పనిలేకుండా బల్లమీదనే అదే సెగను కల్పించలేమా అని అతడు ఆలోచించాడు. కుండ చుట్టూ వేడితీగ అమర్చిన సాధనానికి 1936లో పేటెంటు కోరాడు. 1940లో అది మంజూరయింది. తరువాత అతడు తన ఇంటిపేరును నాక్సన్‌గా మార్చుకొన్నాడు. 1970లో కాన్సాస్ సిటీకి చెందిన రైవల్ కంపెనీ అతని వ్యాపారాన్ని కొన్నది. ఆ సాధనానికే మెరుగులు దిద్ది, 1971లో 'క్రాక్‌పాట్' అనే పేరుతో బజారులోకి తెచ్చింది. స్త్రీలు పెద్దయెత్తున ఉద్యోగాలకు వెళ్ళసాగిన రోజులవి. పొద్దున్న పెడితే సాయంత్రానికి వండిపెట్టే కుండకు లక్షలాది ఇళ్ళలో స్వాగతం లభించింది.

తెలుగు పల్లెలలో దాలిలో పిడకల సెగపై పాలు కాచే పద్ధతి ఎరిగినవారికి ఇందులోని రహస్యం బోధపడుతుంది. పాలు పొంగవు, మాడవు. మధ్యాహ్నానికి ఎర్రని మీగడ కడతాయి. మంట చేయలేని పనిని సెగ చేస్తుంది.

కుండలో ఏం జరుగుతుంది?

పశువుకు మెడ ఎముక, అంటే మనిషి భుజానికి ఆధారంగా ఉండే అడ్డ ఎముక, లేదు. శరీరపు ముందుభాగపు బరువును రొమ్ము కండరాలే మోయాలి. ఎడతెగని ఆ శ్రమవలన అక్కడి కండ గట్టిపడి, పోగుల మధ్య 'కొల్లాజెన్' అనే బిరుసు పదార్థం దట్టంగా పెరుగుతుంది. పెద్దమంటపై త్వరగా ఉడికిస్తే ఆ మాంసం తోలువలె సాగుతుంది. 70 సెంటీగ్రేడు డిగ్రీలు దాటిన వేడిలో గంటల తరబడి మగ్గినప్పుడు కొల్లాజెన్ కరిగి మెత్తని జెలటిన్ అవుతుంది. ఈ మార్పును తొందరపెట్టడం కష్టం. స్లో కుక్కర్ 200 నుండి 300 వాట్ల విద్యుత్తుతో, నీరు తెర్లే స్థితికి కాస్త తక్కువలో వేడిని నిలుపుతుంది.

ఉడికిన మాంసం గోధుమరంగుకు తిరగడం సహజం. కార్న్‌డ్ బీఫ్ మాత్రం గులాబిరంగులోనే ఉంటుంది. పూర్వపు సురేకారానికి బదులు ఇప్పుడు చట్టం నిర్ణయించిన స్వల్ప మోతాదులో సోడియం నైట్రైట్ వాడుతున్నారు. అది మాంసంలోని వర్ణపదార్థంతో కలిసి రంగును నిలుపుతుంది. ప్రాణాంతకమైన బొటులిజం క్రిములను పెరగనీయదు. కనుక గులాబిరంగును చూచి ఉడకలేదని భ్రమపడరాదు.

వండే తీరు

ఊరబెట్టిన ముక్క దుకాణాలలో సిద్ధంగా దొరుకుతుంది. ఒకటిన్నర కిలో ముక్కను తీసికొని పైపై ఉప్పు పోయేవరకు చల్లని నీటిలో కడగాలి. గడ్డకట్టిన మాంసాన్ని తిన్నగా కుక్కర్‌లో వేయడం అపాయకరం. 5 నుండి 60 డిగ్రీల మధ్య క్రిములు త్వరగా వృద్ధి అవుతాయి. గడ్డకట్టిన ముక్క ఆ మధ్యస్థితిలో చాలాసేపు ఉండిపోతుంది. కనుక ముందుగా రిఫ్రిజిరేటరులో ఉంచి మంచు కరగనివ్వాలి.

ఈ కుక్కర్‌లో దుంపకూరలు మాంసంకంటె ఆలస్యంగా ఉడుకుతాయి. అందువలన బంగాళాదుంప, కారట్, ఉల్లి ముక్కలను అడుగున పేర్చి, వాటిపై మాంసాన్ని కొవ్వు పైకి ఉండేటట్లు ఉంచాలి. మిరియాలు, ఆవాలు, ధనియాలు, రెండు లవంగాలు, ఒక బిరియానీ ఆకు వేసి, మాంసం మునిగీ మునగకుండా నీరు పోయాలి. ఉప్పు వేయనక్కరలేదు. సన్నసెగపై 8 నుండి 10 గంటలు పడుతుంది. మధ్యలో మూత తీసి చూడాలనే ఉబలాటాన్ని అణచుకోవాలి. తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి సుమారు అరగంట పడుతుంది.

కాబేజీని మాత్రం ముందుగా వేయరాదు. ఎక్కువసేపు ఉడికితే అందులోని గంధకపు పదార్థాలు విడివడి దుర్వాసన పుడుతుంది. పెద్ద ముక్కలుగా కోసి చివరి గంటన్నర, రెండు గంటలలో వేస్తే మెత్తబడి, తియ్యగా ఉంటుంది. మాంసాన్ని బయటకు తీసి పావుగంట ఆరనిచ్చి, పోగులకు అడ్డంగా కోయాలి. నిలువుగా కోస్తే పది గంటల ఓర్పూ నోటిలో నారలై పోతుంది. ఆవాల ముద్దతో నంజుకొని తినడం ఆచారం.

మిగిలిన మాంసాన్ని మరునాడు చిదిపి, బంగాళాదుంప, ఉల్లిముక్కలతో కలిపి పెనంమీద వేయించుకొంటారు. దీనికి 'హాష్' అని పేరు. పండుగ విందుకంటె ఈ మరునాటి పలహారమే తమకు ఎక్కువ ఇష్టమని చెప్పేవారు ఎందరో ఉన్నారు. ఆకలి ఎరిగినవారి వంట కదా, అందులో పారవేయడానికి ఏమీ మిగలదు.