జీతం ఎటు పోయిందో తెలిసేదెలా?

ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో మనందరం చెవులు రిక్కించేది రెండు అంకెల దగ్గర. ఆదాయం ఎంత, వ్యయం ఎంత? ఆదాయం 8, వ్యయం 14 అని సిద్ధాంతిగారు చదవగానే ఆ రాశివాళ్ల మొహం కాస్త వాడిపోతుంది. రాశుల సంగతి ఆయన చూసుకుంటారు గానీ, కొత్తగా ఉద్యోగంలో చేరి, ఇరవయ్యో తారీఖుకల్లా అకౌంట్ ఖాళీ చేసుకుంటున్న మనవలకు ఆ లెక్క ఎవరూ చదివి వినిపించరు. ఎవరిది వాళ్లే వేసుకోవాలి. రా, ఇలా కూర్చో. దాని వెనక బోలెడు సైన్సు ఉంది.

ముందు ఆదాయం సంగతి చూద్దాం. ఆఫర్ లెటర్‌లో 4 లక్షలని ఉంటే, 12తో భాగించి నెలకు 33,333 అని మురిసిపోకు. కంపెనీ నీ పేరున కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ సాధారణంగా ఆ ప్యాకేజీలోనే కలిపేసి ఉంటాయి. నీ వాటా పీఎఫ్ మళ్లీ నీ జీతంలోంచే పోతుంది. మూల వేతనం 15,000 అనుకుని దాని మీద 12 శాతం వేస్తే అది 1,800. మన రెండు రాష్ట్రాల్లోనూ జీతం 20,000 దాటితే నెలకు 200 వృత్తి పన్ను. ఇవన్నీ పోగా చేతికొచ్చేది 28,000 పైచిలుకు. పీఎఫ్ ఎక్కడికీ పోలేదు, అది నీ డబ్బే. కానీ ఈ నెల హాస్టల్ ఫీజుకు అక్కరకు రాదు. అందుకే అకౌంట్‌లో పడిన అంకెతోనే లెక్క మొదలుపెట్టాలి.

ఇక వ్యయం. "నా ఖర్చులన్నీ నాకు గుర్తున్నాయి తాతయ్యా" అంటావు. అక్కడే పప్పులో కాలేస్తావు. హాస్టల్ ఫీజు గుర్తుంటుంది, పెద్ద మొత్తం కాబట్టి. సాయంత్రం టీ, సమోసా గుర్తుండవు. రోజుకు 40 రూపాయలంటే ఏడాదికి 14,600! నుదుటి మీద చెయ్యి వేస్తే జ్వరం ఉందో లేదో తెలుస్తుంది గానీ, ఎంత ఉందో చెప్పాలంటే థర్మామీటర్ పెట్టాల్సిందే. ఖర్చు సంగతీ అంతే.

పైగా మనం డబ్బు ఏ రూపంలో ఇస్తున్నామన్న దాన్నిబట్టి మన మనసు మారిపోతుంది. అమెరికాలోని ఎంఐటీలో డ్రేజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు దీని మీద ఒక ప్రయోగం చేసి 2001లో ప్రచురించారు. విద్యార్థుల చేత బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లకు వేలం పాడించారు. కొందరిని నగదు ఇవ్వమన్నారు, కొందరిని క్రెడిట్ కార్డుతో కట్టమన్నారు. కార్డువాళ్లు పాడిన సగటు ధర నగదువాళ్ల కంటే సుమారు రెట్టింపు! పర్సులో నోట్లు తగ్గుతుంటే కంటికి కనిపిస్తుంది. ఫోన్‌తో స్కాన్ చేస్తే ఏమీ తగ్గినట్టుండదు. అయితే అదే ఫోన్ నీకో ఉపకారం కూడా చేస్తోంది. ప్రతి పైసా ఎప్పుడు, ఎవరికి పోయిందో రాసి పెడుతోంది. నెలాఖరున ఆ చిట్టా తీసి, ఒక్కో ఖర్చు ఎందుకు చేశావో పక్కన రాసుకుంటే నీ బడ్జెట్ సగం తయారైనట్టే.

మిగతా సగం పంపకం. చేతికి 28,000 వస్తోందనుకో. భోజనంతో కలిపి హాస్టల్‌కు 8,500, ఇంటికి పంపేది 5,000, బస్సూ మెట్రోలకు 2,000, ఫోను, సబ్బులు, మందులు వగైరాలకు మరో 2,000. ఇక్కడితో ఆపేసి, మిగిలిందంతా నాదే అనుకుంటే మళ్లీ దెబ్బతింటావు. ఇన్సూరెన్స్ ప్రీమియం, పండక్కి బట్టలు, స్నేహితుల పెళ్లిళ్లు, సంక్రాంతికి ఊరి ప్రయాణం... ఇవి నెలనెలా రావు గానీ ఏడాదిలో ఒకసారి తప్పకుండా వస్తాయి. అన్నీ కలిపి 18,000 అనుకుంటే, 12తో భాగించి నెలకు 1,500 పక్కన పెట్టాలి. మనిషి ఎప్పుడు అంచనా వేసినా అంతా సవ్యంగా జరుగుతుందనే వేస్తాడని డేనియల్ కానెమన్, ఎమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే చెప్పారు. కాబట్టి తొలి నెల నీ అంచనాలు తప్పుతాయి. తప్పినందుకు దిగులుపడకు. ఎక్కడ తప్పిందో చూసి వచ్చే నెల అంకె మార్చు.

అవసరాలకు 19,000 పోయింది. ఇప్పుడు పొదుపుకు 4,000. దీన్ని నెలాఖరున మిగిలితే వేద్దామనుకుంటే ఎప్పటికీ వెయ్యవు. జీతం పడిన రోజే వేరే అకౌంట్‌లోకి తనంతట తానే వెళ్లిపోయేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకో. మీ అమ్మమ్మ పోపుల డబ్బాలో దాచింది కూరగాయలకు తీసేది కాదు, గమనించావా? డబ్బు డబ్బే అయినా మనం దాన్ని మనసులో విడివిడి ఖాతాలుగా చూస్తామని రిచర్డ్ థేలర్ వివరించారు. ఆయనకు 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆయన పరిశోధనల్లో ఇదొకటి. మనసుకున్న ఈ అలవాటును మనమే వాడుకోవచ్చు. నెలకు 4,000 చొప్పున 15 నెలలు వేస్తే 60,000. ఉద్యోగం పోయినా మూడు నెలలు ఎవరినీ చెయ్యి చాచి అడగక్కర్లేదు.

ఇంకా 5,000 మిగిలింది. బిర్యానీ, సినిమా, నీ ఇష్టం. రోజుకు 166 రూపాయలని మాత్రం గుర్తుంచుకో. సరదాకు చోటివ్వని బడ్జెట్ రెండో నెలకే అటకెక్కుతుంది.

ఒక్కటి మాత్రం చెయ్యకు. చాలకపోతే క్రెడిట్ కార్డు బిల్లులో కనీస మొత్తం కట్టి ఊరుకోకు. నెలకు 3.5 శాతం వడ్డీ అంటే చిన్నదిగానే వినిపిస్తుంది. వడ్డీ మీద వడ్డీ పడితే ఏడాదికి 51 శాతం దాటుతుంది, జీఎస్‌టీ వేరు. అప్పు ఎన్నాళ్లలో రెట్టింపవుతుందో తెలుసుకోవడానికి 72ని వడ్డీ శాతంతో భాగిస్తే చాలు. ఇటలీ గణితవేత్త లూకా పచోలీ 1494లో అచ్చయిన తన పుస్తకంలోనే ఈ సూత్రాన్ని ప్రస్తావించాడు. నెలవారీ వడ్డీ కాబట్టి 72ని 3.5తో భాగిస్తే 20 నెలల పైచిలుకు. అంటే కట్టకుండా వదిలేసిన 10,000 రెండేళ్లు తిరగకముందే 20,000 అవుతుంది.

కాబట్టి వచ్చే ఒకటో తారీఖు నుంచి ఒక్క నెల ఏ ఖర్చూ తగ్గించకు, ఊరికే రాసుకో. రెండో నెల పంచు, మూడో నెల సరిదిద్దు. నెల మొత్తానికి ఒక గంట పట్టే పని ఇది. జీతం పెరిగినప్పుడు పెరిగినదాంట్లో సగం పొదుపుకే రాయి. ఈ అలవాటు పాతికేళ్లలోపే చేసుకుంటే, నలభైలో అప్పులవాళ్ల ఫోన్లకు జవాబు చెప్పుకునే బాధ తప్పుతుంది.